రాసి బతకొచ్చా? తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన యువతకు ఒక పక్కా లెక్క

డిగ్రీ చేతికొచ్చాక "నేను రైటర్ అవుతా" అని చెప్తే మన ఇళ్లల్లో వినిపించే మొదటి మాట దాదాపు ఒకటే. "మంచిదే బేటా, మరి నెలకు ఎంత వస్తుంది?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఇంటి కిరాయి, కరెంటు బిల్లు, తమ్ముడి ఫీజు... పత్రికలో మన పేరు అచ్చయిందని ఇవేవీ ఆగవు కదా.

సమస్య ఏంటంటే, ఈ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పేవాళ్లు తక్కువ. కొందరు "రాతలతో కూడు రాదు" అని అక్కడికక్కడే తలుపు మూసేస్తారు. ఇంకొందరు "టాలెంట్ ఉంటే డబ్బులు వాటంతటవే వస్తాయి" అంటారు. రెండూ నిజం కాదు. రాసి బతుకుతున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. బాగా రాసీ పైసా చూడనివాళ్లు కూడా ఉన్నారు. ఈ ఇద్దరి మధ్య తేడా చాలాసార్లు టాలెంట్ దగ్గర కాదు, లెక్క దగ్గర ఉంటుంది.

నేను చదివింది బీకాం. అందుకే ఈ విషయాన్ని లెక్కల వైపు నుంచే చెప్తాను. ఒక్క మాట ముందే: రాత కూడా ఒక పని. టైలరింగ్‌లాగా, ప్లంబింగ్‌లాగా దానికీ రేటు ఉండాలి, గడువు ఉండాలి, కాగితం ఉండాలి. ఈ మూడూ ఉంటేనే అది వృత్తి అవుతుంది.

రాతకు డబ్బు ఎవరిస్తారు?

రైటర్ అంటే చాలామందికి కథలు, కవితలు, సినిమా పాటలే గుర్తొస్తాయి. కానీ నెల నెలా డబ్బు వచ్చే చోట్లు ఎక్కువగా వేరే ఉన్నాయి.

మొదటిది వార్తల డెస్క్. పత్రిక, టీవీ, వెబ్‌సైట్ ఏదైనా సరే, సబ్ ఎడిటర్ అనే ఉద్యోగం ఉంటుంది. విలేకరి పంపిన వార్తను సరిచేయడం, ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తను తెలుగులోకి తేవడం, హెడ్డింగ్ పెట్టడం వీళ్ల పని. జీతం ఉంటుంది, నైట్ షిఫ్టులూ ఉంటాయి. ఈనాడు, సాక్షి లాంటి పెద్ద దినపత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు పెట్టి, రాతపరీక్ష ద్వారా తీసుకుని, శిక్షణ ఇచ్చి డెస్కులో వేసుకోవడం చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి. తెలుగు బాగా రావడం, ఇంగ్లిష్ నుంచి అనువాదం చేయగలగడం, వర్తమాన విషయాలు తెలిసి ఉండడం ఇక్కడ అసలు అర్హతలు. చేరేముందు ఒకటే చూసుకోండి: ఎన్నేళ్లు పని చేస్తామని బాండు రాయించుకుంటున్నారు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి.

రెండోది మండల విలేకరి పని. బయటి నుంచి చూస్తే ఇదే సులువైన దారి. కానీ ఇక్కడ చాలాచోట్ల జీతం ఉండదు, అచ్చయిన వార్తల లెక్కన కొంత ఇస్తారు. పైగా ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. వార్త రాసే మనిషే ఆ ఊరి సర్పంచ్ దగ్గర, ప్రైవేటు స్కూలు యజమాని దగ్గర యాడ్ అడగాలంటే ఇక వార్త ఎంత స్వేచ్ఛగా రాస్తారో మీరే ఊహించుకోండి. పని నేర్చుకోవడానికి పనికొస్తుంది. ఇల్లు నడపడానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

మూడోది అనువాదం. యాప్‌లు, బ్యాంకు ఫారాలు, ప్రభుత్వ కరపత్రాలు, ఎన్జీవో నివేదికలు, పాఠ్యపుస్తకాలు, సబ్‌టైటిళ్లు అన్నిటికీ అనువాదకులు కావాలి. దీనికి పదానికి ఇంత లేదా నిమిషానికి ఇంత అని రేటు ఉంటుంది. నలుగురికీ పేరు తెలిసే పని కాదు గానీ, ఇంట్లో కూర్చుని చేయొచ్చు. బయట రాత్రి డ్యూటీలు కుదరని ఆడపిల్లలకు, చిన్న పిల్లల తల్లులకు ఇది నిజంగా అందుబాటులో ఉన్న దారి.

నాలుగోది సినిమా, సీరియల్, ఓటీటీ, డబ్బింగ్. ఇక్కడ డబ్బు పెద్దదే, అనిశ్చితి కూడా పెద్దదే. దీని గురించి సంతకాల దగ్గర మళ్లీ మాట్లాడుకుందాం.

ఐదోది కంపెనీల రాత. ప్రకటనలు, వెబ్‌సైట్ల కంటెంట్, వీడియోలకు స్క్రిప్టులు. సాహిత్యం అనిపించుకోదు. కానీ తక్కువ మాటల్లో సూటిగా చెప్పడం బాగా అలవాటవుతుంది.

మన చేతిలో ఉన్న పెట్టుబడి

మన ఇళ్లల్లో పిల్లలకు ఒక సంగతి తెలియదు. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, మదర్సాలోనో మామూ దగ్గరో ఉర్దూ చదవడం, కాలేజీలో ఇంగ్లిష్. ఇది "ఏ భాషా సరిగా రాదు" అని సిగ్గుపడే విషయం కాదు. బజారులో దొరకని సరుకు ఇది.

ఒక చిన్న ఉదాహరణ. ఉర్దూలో "కల్" అంటే నిన్న కావొచ్చు, రేపు కావొచ్చు. తెలుగులో ఏదో ఒకటి తేల్చాలి. "హమ్" అనే మాట ఇంకా చిక్కు. తెలుగులో "మేము" వేరు, "మనం" వేరు. ఒక కమిటీ పెద్ద మైకులో "హమ్ ఫైసలా కరేంగే" అన్నాడనుకోండి. "మేం నిర్ణయిస్తాం" అని రాస్తే కమిటీ ఒక్కటే తేలుస్తుందని అర్థం. "మనం నిర్ణయించుకుందాం" అని రాస్తే జనాన్ని కూడా కలుపుకున్నాడని అర్థం. వార్త మొత్తం మారిపోతుంది. ఏది సరైనదో ఆ సభలో కూర్చుని, రెండు భాషలూ విన్న మనిషికే తెలుస్తుంది.

ఈ నైపుణ్యానికి ప్రభుత్వ పనిలోనూ చోటుంది. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అలాంటి చట్టమే వచ్చింది. అర్జీలు, ఉత్తర్వులు, బోర్డులు అటూ ఇటూ మార్చేవాళ్లు కావాలి. భూమి కాగితాలు చూడండి: పహాణీ, జమాబందీ, దస్తావేజు, జప్తు... నిజాం కాలం రికార్డుల భాష ఇప్పటికీ మన రెవెన్యూ ఆఫీసుల్లో బతికే ఉంది. పాత ఉర్దూ పత్రం చదివి తెలుగులో చెప్పగలిగే యువత మాత్రం ఏటేటా తగ్గిపోతోంది.

చదువుకోవడానికి కూడా ఇక్కడే చోట్లున్నాయి. గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో జర్నలిజం, అనువాదం రెండు విభాగాలూ ఉన్నాయి. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. డిగ్రీ లేకపోతే ఈ పని దొరకదని కాదు. కానీ తప్పులు దిద్దేవాళ్లు, తోటివాళ్లు, ఇంటర్న్‌షిప్ దొరికే చోటు అది.

పనిముట్లు కూడా తెలిసుండాలి. ఫోన్‌లో మనం కొట్టేది యూనికోడ్ తెలుగు. చాలా ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు. ఉర్దూ పత్రికల్లో ఇన్‌పేజ్ వాడతారు. మీ ఫైలు వాళ్ల దగ్గర గజిబిజిగా తెరుచుకుంటే తప్పు మీదే అనుకుంటారు. యూనికోడ్‌లో వేగంగా టైప్ చేయడం, అనులోకి మార్చడం, మార్చాక ఒత్తులు సరిచూసుకోవడం ఈ మూడూ నేర్చుకోండి. నెల రోజుల పని ఇది.

మొదటి తలుపు ఎలా తెరుచుకుంటుంది?

ఎడిటర్లు ముందు సర్టిఫికెట్ చూడరు, రాసిన ముక్క చూస్తారు. కాబట్టి అడగడానికి ముందే నాలుగు నమూనాలు చేతిలో ఉండాలి. 300 పదాల వార్త ఒకటి. 800 పదాల వివరణ వ్యాసం ఒకటి. మనిషితో మాట్లాడి రాసిన ఇంటర్వ్యూ ఒకటి. ఉర్దూ నుంచి గానీ ఇంగ్లిష్ నుంచి గానీ అనువాదం ఒకటి, మూలంతో సహా. అచ్చయి ఉండాల్సిన అవసరం లేదు. అచ్చుతప్పులు మాత్రం ఉండకూడదు.

ఇక వ్యాసం ఇస్తామని అడగడం. "సార్, నాకు రాయడం అంటే ఇష్టం, ఒక అవకాశం ఇవ్వండి" అనే మెయిల్‌కు జవాబు రాదు. ఎందుకంటే అందులో ఎడిటర్ ఉపయోగించుకోగలిగింది ఏమీ లేదు. దాని బదులు ఇలా రాసి చూడండి:

"నమస్తే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత పాతబస్తీలో గాజులు చేసే కుటుంబాల కూలి పెరిగిందా లేదా అన్నది నా వ్యాసం. లాడ్ బజార్ దుకాణదారులతో, ఇళ్లలో పని చేసే ఆడవాళ్లతో ఉర్దూలోనే మాట్లాడగలను. 900 పదాలు, 3 ఫొటోలు, పది రోజుల్లో పంపుతాను. నేను రాసిన రెండు వ్యాసాలు జత చేశాను. మీ చెల్లింపు రేటు తెలియజేయగలరు."

ఆరేడు వాక్యాలే. కానీ విషయం ఏంటి, ఎందుకిప్పుడు, ఎవరితో మాట్లాడతారు, మీరే ఎందుకు రాయాలి, ఎప్పుడు ఇస్తారు అన్నీ ఉన్నాయి. చివర డబ్బు మాట కూడా ఉంది. అది అడగడం అమర్యాద కాదు. వారం చూసి ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ జవాబు లేకపోతే ఇంకో పత్రికకు పంపండి. ఒకే వ్యాసాన్ని ఒకేసారి నలుగురికి పంపడం మాత్రం వద్దు. ఇద్దరు వేసుకుంటే రెండు చోట్లా పేరు పోతుంది.

"పేరు వస్తుంది కదా!"

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "ఇప్పుడే డబ్బు అడిగితే ఎలా, ముందు పేరు తెచ్చుకో" అంటారు. ఫ్రీగా రాయడం ఎప్పుడూ తప్పు అని నేను అనను. ఏదైనా మంచి పనికి, మొహల్లా లైబ్రరీకి, స్నేహితుల పత్రికకు రాస్తాం. కానీ ఆ సంస్థ ప్రకటనల మీద డబ్బు సంపాదిస్తుంటే, అక్కడ మిగతా అందరికీ జీతాలు వస్తుంటే, రాసినవాళ్లకు మాత్రం పేరు చాలు అనడం న్యాయం కాదు.

అనువాద సంస్థలు టెస్టు పెడతాయి. 200 నుంచి 300 పదాలైతే చేయండి. మూడు వేల పదాలు ఇచ్చి టెస్టు అంటే అది టెస్టు కాదు, పనే.

నేను కొత్తలో ఒక వెబ్ సంస్థకు రెండు నెలలు రాశాను. పేరు ఇక్కడ అనవసరం. అడిగిన ప్రతిసారీ "అకౌంట్స్ వాళ్లు చూస్తున్నారు మేడం" అనేవారు. రేటు, గడువు, వ్యాసాల సంఖ్య ఒప్పుకున్న ఈమెయిల్ నా దగ్గర ఉంది. దాన్ని జతచేసి, తేదీలతో బిల్లు పంపి, ప్రతి పదిహేను రోజులకూ గుర్తు చేస్తే ఆరో నెలలో డబ్బు వచ్చింది. నాతోపాటు రాసిన ఇద్దరికి ఫోన్‌లో మాట ఇచ్చారు. వాళ్లకు రాలేదు. ముగ్గురి రాతలోనూ పెద్ద తేడా లేదు. తేడా ఆ ఒక్క ఈమెయిలే.

సంతకం పెట్టే ముందు

కాపీరైట్ అనేది పెద్ద రచయితల గొడవ అనుకోవద్దు. కాపీరైట్ చట్టం 1957 మీ మొదటి వ్యాసానికి కూడా వర్తిస్తుంది. ముఖ్యమైన సంగతులు ఇవి.

రాసిన క్షణం నుంచే హక్కు మీదే. రిజిస్టర్ చేయించాలన్న నియమం లేదు. చేయించుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్య రచనకు ప్రభుత్వ రుసుము 500 రూపాయలు.

మీరు పత్రికలో ఉద్యోగి అయితే, పత్రికలో వేసుకునే హక్కు యాజమాన్యానిది. వేరే ఒప్పందం లేకపోతే పుస్తకంగా వేసుకోవడం లాంటి మిగతా హక్కులు రాసినవాళ్లవే. అందుకే అపాయింట్‌మెంట్ లెటర్ పూర్తిగా చదవాలి. "అన్ని హక్కులూ సంస్థవే" అని అందులో ఒక లైను ఉంటే సంగతి మారిపోతుంది.

మీరు బయటి నుంచి రాస్తే, హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో ఎంత కాలమో రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కాబట్టి అగ్రిమెంటులో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అనే మాటలు కనిపిస్తే ఆగండి. దానికి తగ్గ డబ్బు ఇస్తున్నారా అని అడగండి.

అనువాదకులకు ఇంకో విషయం. రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కు వారసులదే. మంటో 1955లో పోయారు. కాబట్టి మన దేశంలో 2016 నుంచి ఆయన కథలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇస్మత్ చుగ్తాయ్ 1991లో పోయారు. ఆవిడ కథను తెలుగులోకి తెచ్చి అచ్చు వేయాలంటే అనుమతి కావాల్సిందే. అనువాదం చేశాక, ఆ అనువాదం మీద హక్కు మీకూ ఉంటుంది.

సినిమాలో పేరు గొడవ పాతదే. "ఘోస్ట్"గా రాయించుకుని, కొంచెం చేతిలో పెట్టి, టైటిల్స్‌లో ఇంకొకరి పేరు వేయడం చాలామంది కొత్తవాళ్లకు అనుభవమే. 1973లో జంజీర్ వచ్చినప్పుడు పోస్టర్ల మీద తమ పేర్లు లేవని సలీం-జావేద్ మనుషుల్ని పెట్టి బొంబాయి గోడల మీదున్న పోస్టర్లపై రాయించారు. అంత పెద్ద రచయితలే అలా అడగాల్సి వచ్చింది. ఆ ఇద్దరిలో జావేద్ అఖ్తర్ తర్వాత రాజ్యసభ సభ్యుడిగా ఉండగా 2012 కాపీరైట్ సవరణ కోసం గట్టిగా మాట్లాడారు. థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించడం కాకుండా, బయట వేరేచోట్ల పాట వాడుకుంటే వచ్చే రాయల్టీలో గీత రచయితకు వాటా ఉండాలని, ఆ వాటాను సంతకం పెట్టించుకుని కూడా లాక్కోలేరని ఆ సవరణ చెప్తోంది. పాటలు రాయాలనుకునే ప్రతి పిల్లాడూ ఇది తెలుసుకోవాలి.

కథ చెప్పడానికి ఆఫీసుకు వెళ్లేముందు ఒక పని చేయండి. కథను రాసి, తేదీతో మీ మెయిల్‌కు పంపుకోండి. రచయితల సంఘంలోనో కాపీరైట్ ఆఫీసులోనో నమోదు చేయించండి. చట్టం ఆలోచనను కాపాడదు, రాసిన దాన్నే కాపాడుతుంది.

బిల్లు, పన్ను, బాకీ

ఇక నా సబ్జెక్ట్. బయటి నుంచి రాసేవాళ్లు కూడా చిన్న వ్యాపారులే.

ప్రతి పనికీ బిల్లు ఇవ్వండి. నంబరు, తేదీ, పని వివరం, పదాల సంఖ్య, రేటు, మొత్తం, పాన్, బ్యాంకు ఖాతా, చెల్లించాల్సిన చివరి తేదీ. ఒక్క పేజీ చాలు.

ప్రొఫెషనల్ ఫీజుగా ఒక సంస్థ నుంచి ఏడాదిలో 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న పరిమితి ఇది, అంతకు ముందు 30,000. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. చాలామంది పిల్లలు ఆ డబ్బు పోయింది అనుకుని వదిలేస్తారు. అది పోలేదు, ప్రభుత్వం దగ్గర మీ పేరు మీద జమ అయి ఉంది. రిటర్న్ వేస్తే, మీకు కట్టాల్సిన పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉంది. కొత్త రచయితలు దాదాపు అందరూ ఈ లోపే ఉంటారు. జీఎస్టీ సంగతి ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆలోచించాలి.

అన్నిటికంటే పనికొచ్చేది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది. డబ్బులు అడిగే ఏజెంట్ అవసరం లేదు. సేవలు అందించే ఒంటరి మనిషి కూడా సూక్ష్మ సంస్థగా నమోదు కావొచ్చు. లాభం ఏంటంటే, ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొనుక్కున్న సంస్థ ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేసి రాష్ట్ర కౌన్సిల్ ముందుకు తేవొచ్చు. అయితే పని మొదలుపెట్టేసరికే రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. బాకీ పడ్డాక చేయించుకుంటే పాత బాకీకి పనికిరాదు. బిల్లు కింద ఉద్యమ్ నంబరు వేస్తే అకౌంట్స్ వాళ్ల మాట తీరు కూడా కొంచెం మారుతుంది.

పుస్తకం వేసుకోవాలా?

వేసుకోండి. కానీ జీతం అనుకుని కాదు. 200 రూపాయల పుస్తకం, 500 కాపీలు, రాయల్టీ 10 శాతం అనుకుందాం. అన్నీ అమ్ముడుపోతే మీకు వచ్చేది 10,000 రూపాయలు. రెండేళ్ల శ్రమకు ఇది కూలి కాదు. పుస్తకం తెచ్చేది నమ్మకం. దాన్ని చూసి ఇంకో పని వస్తుంది.

సొంతంగా అచ్చు వేసుకోవడం తప్పు కాదు, తెలుగులో చాలామంది చేస్తున్నదే. కానీ "మీ పుస్తకం అద్భుతం, ప్యాకేజీ కట్టండి, అవార్డు కూడా ఇస్తాం" అనే ఫోన్లు వస్తే, వాళ్ల ఆదాయం పాఠకుల నుంచి కాదు మీ జేబు నుంచి అని అర్థం చేసుకోండి. ప్రెస్సుకెళ్లి పేపరు, ప్రింటింగ్, బైండింగ్ కొటేషన్ తెచ్చుకుని పోల్చి చూస్తే సంగతి తేలిపోతుంది.

నిజమైన సాయం చేసే పథకాలు కూడా ఉన్నాయి. సాహిత్య అకాడమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. 35 ఏళ్ల లోపు వాళ్లకు, తెలుగుకు వేరుగా, ఉర్దూకు వేరుగా, 50,000 రూపాయలు. నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా నడిచే పీఎం-యువ పథకంలో 30 ఏళ్ల లోపు ఎంపికైనవాళ్లకు నెలకు 50,000 చొప్పున ఆరు నెలలు ఇస్తారు. ఇది ఏటా రాదు, విషయం కూడా వాళ్లే నిర్ణయిస్తారు. ప్రకటన వచ్చినప్పుడు గడువు చూసుకుని దరఖాస్తు పెట్టాలి.

మెషిన్ రాసేస్తుంటే మనమెందుకు?

ఈ ప్రశ్న ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. చిన్న చిన్న కంటెంట్ రాతల రేట్ల మీద ఏఐ దెబ్బ పడింది. అనువాదంలో "మెషిన్ చేసింది సరిచేయండి" అనే పని పెరిగింది, దానికి తక్కువ రేటు ఇస్తామంటున్నారు. దీన్ని దాచిపెట్టి లాభం లేదు.

కానీ ఎవరి పని నిలుస్తుందో కూడా చూడండి. మొహల్లాలోకి వెళ్లి మనిషితో మాట్లాడే పని మెషిన్ చేయదు. "హమ్" అన్నది మేమా, మనమా అన్నది మెషిన్ ఊహిస్తుంది, మీకు తెలుసు. మందుల చీటీ మీద, కోర్టు నోటీసు మీద ఆ ఊహ తప్పితే నష్టపోయేది మనిషే. సరిచేసే పని ఒప్పుకునే ముందు ఒక పేజీ చేసి చూసి, ఎంత టైం పట్టిందో రాసుకుని, గంట లెక్కన రేటు అడగండి. మెషిన్ అనువాదం బాగా చెడ్డగా ఉంటే కొత్తగా చేయడమే తక్కువ పని.

ఉద్యోగం వదిలేయాలా?

వద్దు, ఇప్పుడే కాదు. మనకు తెలిసిన పేర్లే చూడండి. "కాలుతున్న పూలతోట" నవలకు 2010లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న సలీం ఆదాయపు పన్ను శాఖలో పనిచేస్తూనే రాశారు. "దర్గామిట్ట కథలు"తో నెల్లూరు వైపు ముస్లిం ఇళ్లను తెలుగు కథలోకి తెచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు పత్రికలో పని చేసే జర్నలిస్టు. జ్ఞానపీఠ్ అందుకున్న సి. నారాయణ రెడ్డి ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు పాఠాలు చెప్పి, సినిమా పాటలు రాశారు. అందరికీ రాతతో పాటు ఇంకో ఆధారం ఉంది. దానివల్ల వాళ్ల రాత చిన్నదైపోలేదు.

ఒక ఉదాహరణ లెక్క వేసుకుందాం. పదానికి రూపాయి రేటు అనుకోండి. రోజుకు 1,200 పదాలు, నెలకు 22 రోజులు. మొత్తం 26,400. కాగితం మీద బాగుంది. కానీ ప్రతి రోజూ పని రాదు, వచ్చిన పనికి డబ్బు వెంటనే రాదు. కాబట్టి కొత్తలో సగమే వేసుకోండి: 13,200. ఇంటి ఖర్చు దీనికంటే ఎక్కువైతే ఉద్యోగం ఉంచుకుని ఉదయం రెండు గంటలు రాయండి. రాత నుంచి వచ్చేది వరుసగా ఆరు నెలలు మీ అవసరానికి సరిపోయి, ఇంకో ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్న రోజున అప్పుడు ఆలోచించండి.

మొదటి మూడు నెలలు

మొదటి నెల నాలుగు నమూనాలు రాయండి, టైపింగ్ సరిచేసుకోండి, పాన్, ఉద్యమ్ పూర్తి చేయండి. రెండో నెల వారానికి రెండు చొప్పున ఎనిమిది మెయిళ్లు పంపండి, రెండు అనువాద సంస్థల టెస్టులు రాయండి. మూడో నెల వచ్చిన పని గడువు కంటే ఒక రోజు ముందు ఇవ్వండి. చెప్పిన టైంకు, చెప్పిన పొడవులో, అచ్చుతప్పులు లేకుండా ఇచ్చేవాళ్లకు మళ్లీ పని వస్తుంది. అంతకంటే పెద్ద సిఫారసు ఏదీ లేదు.

వీటన్నిటికీ ఒక నోటుబుక్ పెట్టండి. ఎవరికి పంపారు, ఏం జవాబు వచ్చింది, ఎంత బిల్లు ఇచ్చారు, ఎంత వచ్చింది, ఎంత రావాలి. మూడు నెలల తర్వాత ఇంట్లో "నెలకు ఎంత వస్తుంది?" అని మళ్లీ అడుగుతారు. అప్పుడు వాదించాల్సిన పని లేదు. ఆ పేజీ తెరిచి అబ్బా ముందు పెట్టండి. అంకె చిన్నదే కావొచ్చు. కానీ అది నిజమైన అంకె. ముందుకు వెళ్లాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అనేది దాన్ని చూసి ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవచ్చు.